లోతు తక్కువ, లెక్క ఎక్కువ

అమెరికా తూర్పు తీరంలో చాలా మేర సముద్రం నేరుగా నేలను తాకదు. ఒడ్డుకు కొంత ఎడంగా సన్నని పొడుగాటి ఇసుక దీవులు వరసగా ఉంటాయి. అలలు వాటికి తగిలి ఆగిపోతాయి. దీవుల వెనక ఉప్పుటేళ్లు, చిత్తడి నేలలు, విశాలమైన ఉప్పునీటి మడుగులు, నదుల మొగలు ఒకదాని పక్కన ఒకటి పరుచుకుని ఉంటాయి. వీటి మధ్య అడ్డొచ్చిన నేలను తవ్వి, కాలువలతో ఒకదానికొకటి కలిపి తయారుచేసిన పడవ దారి పేరు అట్లాంటిక్ ఇంట్రాకోస్టల్ వాటర్‌వే. వర్జీనియాలోని నార్‌ఫోక్ రేవు దగ్గర దీని సున్నా మైలు. అక్కడి నుంచి దక్షిణంగా నార్త్ కెరొలైనా, సౌత్ కెరొలైనా, జార్జియా దాటి ఫ్లోరిడాకు వస్తే సుమారు 1,090వ మైలు దగ్గర మయామీ. అక్కడి నుంచి మరో నూట యాభై మైళ్లు వెళితే కొసన కీ వెస్ట్. సముద్రం మీద దూరాన్ని నాటికల్ మైళ్లలో కొలవడం లోకమంతటా ఉన్న పద్ధతి. ఈ దారి మీద మాత్రం రోడ్డు మైళ్లే చెల్లుతాయి. మైలంటే 1.6 కిలోమీటర్లు.

కాగితం మీద ఈ దారి లోతు నార్‌ఫోక్ నుంచి ఫ్లోరిడాలోని ఫోర్ట్ పియర్స్ దాకా 12 అడుగులు, అక్కడి నుంచి మయామీకి 10 అడుగులు. కాలువను అంత లోతున ఉంచాలని ప్రభుత్వం పెట్టుకున్న లెక్క అది. నీళ్లలో దొరికే లెక్క వేరు. సముద్రం వెనక్కి తీసిన వేళ కొన్ని చోట్ల అయిదడుగులు దొరకడమే కష్టం. నలభై అడుగుల తెరచాప పడవ తీసుకుంటే, దాని అడుగున ఉండే బరువైన కీల్ అయిదారు అడుగులు నీళ్లలోకి దిగి ఉంటుంది. పడవ అలా దిగి ఉండే లోతును మునక అంటారు. మునక ఎంతో, నీళ్లూ అంతే ఉన్న చోట పడవను దాటించాలంటే ఆ రోజు, ఆ గంటకు నీళ్లు ఎంత ఉంటాయో ముందుగా లెక్కగట్టాలి. ఈ దారి మీద ప్రయాణమంతా ఆ లెక్క చుట్టూనే తిరుగుతుంది.

లోపలి దారి ఆలోచన కొత్తదేమీ కాదు. 1808లో అమెరికా ఆర్థికమంత్రి ఆల్బర్ట్ గాలటిన్ రోడ్లు, కాలువల మీద సెనేట్‌కు ఇచ్చిన నివేదికలో తీరం వెంట ఇలాంటి జలమార్గం ఉండాలని సూచించాడు. అప్పటికే ఒక ముక్క తయారై ఉంది. వర్జీనియా, నార్త్ కెరొలైనాల నడుమ గ్రేట్ డిస్మల్ స్వాంప్ అనే చిత్తడి అడవి గుండా 1793లో మొదలుపెట్టిన కాలువ 1805లో పూర్తయింది. దాన్ని తవ్వింది బానిసలు. నడుము దాకా, కొన్నిచోట్ల అంతకంటే లోతున బురదలో దిగి, చెట్ల వేళ్లు నరుకుతూ బురద తోడిపోసే ఆ పనిని మోజెస్ గ్రాండీ అనే మనిషి కళ్లారా చూసి రాశాడు. అతనూ బానిసే, ఆ కాలువ మీద సరుకు పడవలు నడిపినవాడు. స్వేచ్ఛ కోసం మూడుసార్లు డబ్బు కట్టాడు; మొదటి రెండుసార్లూ యజమానులు డబ్బు పుచ్చుకుని మోసం చేశారు. అతని జీవితకథ 1843లో లండన్‌లో అచ్చయింది. డిస్మల్ స్వాంప్ అందం గురించి రాసే యాత్రా పుస్తకాలు ఈ సంగతిని ఒక వాక్యంలో దాటేయకూడదు. కాలువ ఇప్పటికీ నడుస్తోంది. రెండు కొసలా లాకులు ఉన్నాయి. చెట్ల వేళ్ల నుంచీ ఆకుల నుంచీ దిగే టానిన్ల వల్ల నీళ్లు పలచటి డికాషన్ రంగులో ఉంటాయి.

1859లో దీనికి తూర్పున ఆవిరి యంత్రాలతో తవ్విన ఆల్బమార్ల్ అండ్ చెసపీక్ కాలువ వచ్చింది. అది ఇంకా లోతు, ఇంకా వెడల్పు. ఇవాళ సరుకు మోసే బార్జీలు పోయే దారి అదే. సౌత్ కెరొలైనాలో మిర్టిల్ బీచ్ వెనక చివరి కాలువ ముక్క 1936లో తెరుచుకున్నాక వర్జీనియా నుంచి మయామీ దాకా దారి ఏకమైంది. ఆరేళ్లు తిరక్కుండానే దాని విలువ తెలిసొచ్చింది. 1942లో జర్మన్ జలాంతర్గాములు తూర్పు తీరం పొడుగునా చమురు ఓడలను ముంచుతున్నప్పుడు దీవుల చాటున ఉన్న ఈ దారి బార్జీలకు భద్రమైన తోవ అయింది.

తెలుగువాళ్లకు ఇలాంటి దారి పరాయిది కాదు. డిస్మల్ స్వాంప్ కాలువలో పడవలు నడిచిన మరుసటి ఏడే, 1806లో, మద్రాసులో బేసిల్ కాక్రేన్ తవ్వించిన ఉప్పుకాలువ మొదలైంది. అది మెల్లగా ఉత్తరానికి పెరిగి, పులికాట్ సరస్సును కలుపుకుని, కృష్ణా డెల్టా కాలువలను అందుకుంది. 1878లో దానికి బకింగ్‌హామ్ కాలువ అన్న పేరు స్థిరపడింది. ఇక్కడా సూత్రం అదే: ఇసుక దిబ్బల చాటున, తీరానికి సమాంతరంగా, సముద్రపు పోటు నీళ్లనే వాడుకుంటూ లాకులతో నడిచే దారి. కాకినాడ నుంచి పుదుచ్చేరి దాకా సరుకు పడవలు తెరచాపతో, గడలతో, ఒడ్డున మనుషులు లాగే మోకులతో తిరిగాయి. 2008లో ఈ కాలువల వరసను నాలుగో జాతీయ జలమార్గంగా ప్రకటించారు. కానీ తుపాన్లకు వేసిన మేటను ఎప్పటికప్పుడు తీయకపోవడంతో చాలా చోట్ల పడవ నడిచే లోతే మిగల్లేదు. తవ్వడం ఒకసారి జరిగే పని, పూడిక తీయడం ఏటా చేయాల్సిన పని. అమెరికా దారికీ ఇదే తల్నొప్పి.

లోతు లెక్క పటంతో మొదలవుతుంది. అమెరికా సముద్ర పటం మీద ఒక చోట 4.5 అని ఉంటే అక్కడ ఎప్పుడూ నాలుగున్నర అడుగుల నీళ్లు ఉంటాయని అర్థం కాదు. ఈ తీరంలో రోజుకు రెండుసార్లు పోటు, రెండుసార్లు పాటు వస్తాయి. రెండు పాట్లలో ఏది ఎక్కువ కిందికి దిగిందో దాన్ని తీసుకుని, అలా 19 ఏళ్ల రోజులన్నిటికీ సగటు కడతారు. పటం మీది లోతు ఆ సగటు మట్టం నుంచి కిందికి కొలిచినది. పందొమ్మిదేళ్లే ఎందుకంటే, చంద్రుడి కక్ష్య వాలు మారుతూ మళ్లీ మొదటికి రావడానికి 18.6 ఏళ్లు పడుతుంది. ఆ చక్రం పూర్తిగా లెక్కలోకి రావాలి. సగటు అన్నాక దానికంటే కిందికి దిగే రోజులూ ఉంటాయి. పౌర్ణమి, అమావాస్యల దగ్గర పాటు బాగా లోపలికి తీస్తుంది. ఒడ్డు నుంచి సముద్రం వైపు గట్టిగా గాలి వీచినా నీరు తగ్గుతుంది. అలాంటప్పుడు పటంలో ఉన్నంత లోతు కూడా నీళ్లలో ఉండదు.

పోటు ఎత్తు అన్ని చోట్లా ఒకటి కాదు. మయామీ దగ్గర రెండడుగులకు అటూ ఇటూ. జార్జియాలో ఏడు నుంచి తొమ్మిది అడుగులు. నార్త్ కెరొలైనాలోని హాటెరస్ అగ్రం నుంచి ఫ్లోరిడా దాకా తీరం విల్లులా లోపలికి వంగి ఉంటుంది. ఆ వంపు అడుగున జార్జియా ఉంది. దాని ముందు సముద్రగర్భం చాలా దూరం దాకా లోతు లేకుండా పలకలా పరుచుకుని ఉంటుంది. సముద్రం లోపలి నుంచి వచ్చే పోటు అల ఆ పలక మీద పాకుతూ, వంపులో ఇరుకుతూ ఎత్తు పెంచుకుంటుంది. దీనికి పూర్తిగా వ్యతిరేకం నార్త్ కెరొలైనాలోని ఆల్బమార్ల్, పామ్లికో సౌండ్లు. అవి పేరుకు సముద్రపు పాయలే కానీ, సముద్రంతో వాటికి ఉన్న దారులు కొన్ని సన్నని గండ్లే. చంద్రుడి పోటు వాటిలోకి దాదాపు చేరదు. అక్కడ నీటిమట్టాన్ని నడిపించేది గాలి. ఒక దిక్కు నుంచి రెండు రోజులు గాలి వీస్తే నీరు ఎదుటి ఒడ్డుకు చేరి, ఈవలి ఒడ్డున అడుగు, రెండడుగులు తగ్గిపోతుంది. దీన్ని ఏ పంచాంగమూ ముందుగా చెప్పలేదు. ఆల్బమార్ల్ దాటడం కష్టం అనడానికి ఇంకో కారణం అలలు. లోతు తక్కువ చోట అల కింది భాగం నేల ప్రభావానికి లోనవుతుంది. దాని వేగం తగ్గి, అలకూ అలకూ మధ్య దూరం కుంచించుకుపోయి, ముఖం నిటారుగా లేస్తుంది. సముద్రంలో హాయిగా ఎక్కి దిగే ఎత్తు అలే ఇక్కడ పడవను దబదబా బాదుతుంది.

పోటు ఎలా ఎక్కుతుందో తెలిస్తే లెక్క తేలిక. పాటు నుంచి పోటుకు సుమారు ఆరు గంటలు. నీరు ఆ ఆరు గంటలూ ఒకే జోరున పెరగదు. పడవవాళ్లు వాడే పాత లెక్క ప్రకారం మొత్తం ఎక్కుడును పన్నెండు పాళ్లు చేస్తే మొదటి గంటలో ఒక పాలు, రెండో గంటలో రెండు, మూడు నాలుగు గంటల్లో మూడేసి, అయిదో గంటలో రెండు, ఆరో గంటలో ఒకటి పెరుగుతుంది. ఇప్పుడు జార్జియాలో ఒక ఉప్పుటేరు దాటాలనుకుందాం. పటంలో లోతు 4.5 అడుగులు. పడవ మునక 5 అడుగులు. అడుగున కనీసం అడుగున్నర నీళ్లు మిగలాలని నడిపేవాడి నియమం. అంటే 6.5 అడుగులు కావాలి. పటం మీది లోతుకు ఇంకో 2 అడుగులు చేరాలి. ఆ రోజు పాటు ఉదయం 8 గంటలకు, సరిగ్గా పటం మట్టానికే దిగింది. పోటు ఎత్తు 8 అడుగులు. మొదటి గంటలో ఎనిమిది అంగుళాలు, రెండో గంటలో పదహారు అంగుళాలు, మొత్తం ఇరవై నాలుగు. పదింటికి రెండడుగులు వచ్చేసింది. పడవ కదలవచ్చు.

ఈ లెక్కలో అసలు కీలకం గంట కాదు, దిక్కు. పదింపావుకు ఆ పడవ ఇసుకలో తగులుకుందే అనుకుందాం. అది మూడో గంట. నీరు గంటకు రెండడుగుల చొప్పున ఎక్కుతోంది. పావుగంటలో ఆరంగుళాలు వచ్చి పడవ తనంతట తనే లేస్తుంది. అదే పడవ మధ్యాహ్నం రెండింటికి, నిండు పోటు మీద, ఇంకా పైన ఉన్న దిన్నె ఎక్కిందనుకోండి. ఆ నిమిషం నుంచి నీరు తగ్గడమే. మళ్లీ అంత నీరు రావాలంటే పన్నెండు గంటల పాతిక నిమిషాలు ఆగాలి. రాబోయే పోటు ఈ పోటుకంటే చిన్నదైతే రోజులే ఆగాల్సిరావచ్చు. అందుకే లోతు తక్కువ చోట్లను ఎక్కే నీటి మీదే దాటాలన్నది ఈ దారిలో అందరూ ఒప్పుకునే నియమం.

పటం పాతబడటం రెండో సమస్య. ఇసుక దీవుల మధ్య ఉన్న మొగల దగ్గర ఇది మరీ ఎక్కువ. పోటు వేళ సముద్రపు నీరు మొగలోంచి వేగంగా లోపలికి వస్తూ ఇసుక మోసుకొస్తుంది. లోపల జాగా వెడల్పయ్యేసరికి ప్రవాహం నెమ్మదించి, మోయలేని ఇసుకను అక్కడే దించేస్తుంది. సరిగ్గా అదే జాగాలో పడవ దారి మొగను అడ్డంగా దాటుతుంది. నార్త్ కెరొలైనాలో లాక్‌వుడ్స్ ఫాలీ, షాలట్ మొగలు దీనికి పేరుమోసినవి. ఒక తుపాను రాత్రికి రాత్రే అక్కడ దిన్నెను ఒక పక్క నుంచి ఇంకో పక్కకు జరపగలదు. సైన్యానికి చెందిన ఇంజనీర్ల విభాగం, అంటే ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజినీర్స్, ఈ చోట్లను కొలిచి, డ్రెడ్జర్లతో పూడిక తీయిస్తుంది. డబ్బు కేటాయింపు ఆ ముక్క మీద తిరిగే సరుకు రవాణాను చూసి జరుగుతుంది. జార్జియాలో బార్జీలు తక్కువ, కాబట్టి నిధులూ తక్కువ. హెల్ గేట్, లిటిల్ మడ్ రివర్, జెకిల్ క్రీక్ లాంటి ముక్కల్లో పాటు వేళ పడవలు ఇరుక్కోవడానికి సగం కారణం ప్రకృతి, సగం ఈ పద్దు లెక్క.

పటం మీద ఈ దారిని చూపే ఊదారంగు గీత ఒకటి ఉంది. దశాబ్దాల క్రితం గీసింది. కింద ఇసుక జరిగినా గీత జరగలేదు. కొన్ని చోట్ల అది దిన్నెల మీదుగా, గుర్తుల తప్పు పక్కనుంచి పోయేది. కొత్తవాళ్లు దాన్నే రోడ్డనుకుని పోయి నేల తగులుకునేవారు. 2013లో పటాలు తయారుచేసే జాతీయ సంస్థ నోవా ఈ గీతను తీసేయాలని చూసింది. పడవలవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి గీతను సరిదిద్ది, సలహాగా మాత్రమే చూడమని చెప్పి, ఉంచారు.

గీత కంటే నమ్మదగినవి నీళ్లలో నాటిన గుర్తులు. గుంజ మీద ఎర్ర త్రికోణం, సరి సంఖ్య ఉంటే ఒక వైపు. ఆకుపచ్చ చతురస్రం, బేసి సంఖ్య ఉంటే ఇంకో వైపు. సముద్రం నుంచి రేవుకు వచ్చేటప్పుడు ఎర్రవి కుడిచేతి పక్కన ఉంచుకోవాలని ఉత్తర, దక్షిణ అమెరికాలలో నియమం. భారతదేశంలో ఇది తలకిందులు. రేవులోకి వచ్చేటప్పుడు ఎర్రవి ఎడమ పక్కన ఉంటాయి. కాకినాడలోనో విశాఖలోనో పని నేర్చినవాళ్లు అమెరికాలో పడవ పట్టుకుంటే ముందుగా మార్చుకోవాల్సిన అలవాటు ఇది.

తీరం వెంట పోయే దారిలో లోపలికి రావడం, బయటికి పోవడం ఏమిటన్న ప్రశ్న వస్తుంది. దక్షిణంగా పోవడాన్ని లోపలికి రావడంగా లెక్కిస్తారు. అంటే నేల వైపు ఎరుపు, సముద్రం వైపు ఆకుపచ్చ. చిక్కంతా పెద్ద నదులు తగిలినప్పుడు. నార్త్ కెరొలైనాలో కేప్ ఫియర్ నదిలోకి దిగిన పడవ కొన్ని మైళ్లు నది వెంట సముద్రం వైపు పోతుంది. నది గుర్తులు ఓడల కోసం పెట్టినవి కాబట్టి అక్కడ ఎర్రవి ఎడమకు వస్తాయి. ఈ గందరగోళం తప్పించడానికి ప్రతి గుర్తు మీదా చిన్న పసుపు బిళ్ల అంటిస్తారు. త్రికోణం బిళ్ల ఉంటే, కింద రంగు ఏదైనా సరే, దక్షిణంగా పోయేవాడికి కుడిపక్క. చతురస్రం ఉంటే ఎడమపక్క. ఎదుటి గుర్తు మీదే చూపు పెట్టి నడపడం కూడా చాలదు. ప్రవాహం పడవను పక్కకు నెడుతూనే ఉంటుంది. ముక్కు గుర్తుకేసే ఉంటుంది కానీ పడవ మాత్రం కాలువలోంచి జారిపోతుంది. వెనక వదిలేసిన గుర్తును కూడా తిరిగి చూస్తూ, రెండిటి మధ్య గీతలో ఉన్నామా అని సరిచూసుకోవాలి.

గుర్తులు లేని చోట నది స్వభావమే దిక్కు. వంపు తిరిగే చోట బయటి ఒడ్డు కోత, లోపలి ఒడ్డు మేట. గోదావరి గట్టున పెరిగిన ఎవరికైనా తెలిసిన సంగతే. జార్జియా నదుల్లో పడవలు వంపుల బయటి అంచు పట్టుకునే పోతాయి.

లోతు కొలిచే సాధనం చాలా సాదాది. పడవ అడుగున ఉన్న బిళ్ల మనకు వినిపించని శబ్దాన్ని కిందికి పంపుతుంది. నీటిలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది. రెండు మీటర్ల లోతుకు వెళ్లి తిరిగి రావడానికి సెకనులో వెయ్యో వంతులు మూడు కూడా పట్టవు. ఆ వ్యవధిని బట్టి లోతు చూపిస్తుంది. అయితే అది పడవ కిందున్న లోతు. ముందు ఏముందో చెప్పదు. అంకె తగ్గుతున్నప్పుడు చేయాల్సిన మొదటి పని వేగం తగ్గించడం. దీనికి భౌతిక కారణం కూడా ఉంది. లోతు తక్కువ చోట పడవ అడుగుకూ నేలకూ మధ్య నీరు ఇరుకులో పడి వేగంగా పారుతుంది. వేగం పెరిగితే ఒత్తిడి తగ్గుతుంది, పడవ ఇంకొంచెం కిందికి లాగబడుతుంది. జోరుగా పోయే పడవ నిలకడగా ఉన్న పడవకంటే ఎక్కువ మునుగుతుంది.

తగులుకున్నాక ఇంజను జోరు పెంచి ముందుకు తోయడం అందరికీ మొదట తట్టేది. దానివల్ల పడవ ఇంకా పైకెక్కి కూర్చుంటుంది, ఇంజను చల్లార్చుకునే నీటితోపాటు ఇసుకను లోపలికి పీల్చుకుంటుంది. వచ్చిన దారినే నెమ్మదిగా వెనక్కి రావాలి. రాకపోతే చిన్న పడవలో లంగరు తీసుకుపోయి లోతు నీళ్ల వైపు వేసి, దాని తాడును పడవ మీంచి బిగించి లాగాలి. తెరచాప పడవైతే మనుషులంతా ఒక పక్కకు చేరి పడవను ఒరిగిస్తే కీల్ కొంత పైకి లేస్తుంది. అడుగు మెత్తని బురదైతే పడవకు పెద్ద నష్టం లేదు. మిర్టిల్ బీచ్ వెనక రాక్ పైల్ అనే ముక్కలో మాత్రం కాలువ అంచులు రాతివి. అక్కడ ఎదురుగా బార్జీ వస్తే తప్పుకునే జాగా ఉండదు. ఆ ముక్కలోకి దిగేముందే రేడియోలో పిలిచి ఎవరైనా వస్తున్నారేమో కనుక్కుంటారు.

పై నుంచి వచ్చే అడ్డంకి వంతెన. స్థిరమైన వంతెనల కింద నిండు పోటు మట్టం మీద 65 అడుగుల ఎత్తు ఉండాలన్నది ఈ దారి ప్రమాణం. మయామీలో జూలియా టటల్ వంతెన ఒక్కటే 56 అడుగులు. పొడుగు స్తంభం ఉన్న పడవలు ఆ ముక్కలో బయటి సముద్రంలోకి పోక తప్పదు. పోటు వేళ కీల్ కింద నీళ్లు పెరుగుతాయి, స్తంభం మీద జాగా తగ్గుతుంది. వంతెన దాటి వెంటనే లోతులేని చోటు ఉంటే రెండు లెక్కలూ ఒకేసారి చూసుకోవాలి. ఎత్తి దించే వంతెనలు చాలావాటికి వేళలు ఉన్నాయి. వేళ తప్పితే అరగంటో గంటో ప్రవాహంలో పడవను నిలబెట్టుకుని ఆగాలి.

ఈ పోరాటమంతా రోజుకు యాభై మైళ్ల లోపు. సాయంత్రానికి లంగరు వేయాలి, లేదా మెరీనా చేరాలి. మెరీనా అంటే చిన్న పడవల రేవు: అలలు రాకుండా కట్టిన లోపలి నీళ్లు, నడిచే జెట్టీలు, వాటి మధ్య ఒక్కో పడవకు ఒక్కో అర. ఆ అరను స్లిప్ అంటారు. రాత్రి అద్దె పడవ పొడుగును బట్టి, అడుగుకు ఇంత అని. రేపు ఎక్కడ ఆగుతామన్నది ఉదయమే ఫోన్ చేసి చెప్పుకోవడం మంచిది. దగ్గరికి వచ్చాక వీహెచ్ఎఫ్ రేడియోలో పిలిచి పడవ పొడుగు, వెడల్పు, మునక, కరెంటు ఎంత కావాలో చెప్పాలి. వాళ్లు చెప్పేదాంట్లో వినాల్సినవి మూడు: ఏ స్లిప్, ఏ పక్కన కట్టుకోవాలి, ప్రవాహం ఎటు. ప్రవేశం దగ్గర ఇప్పుడు లోతెంత అన్నది పడవవాడే అడగాలి. మెరీనా లోపల లోతుండి, ముఖద్వారంలో మేట వేసి ఉండటం మామూలే.

పోటు ఎత్తు ఎక్కువగా ఉన్న జార్జియా, సౌత్ కెరొలైనాలలో జెట్టీలు తేలేవి. నేలలో దిగ్గొట్టిన ఎత్తైన గుంజల వెంట అవి నీటితోపాటు లేస్తాయి, దిగుతాయి. వాటికి కట్టిన మోకులను రాత్రి లేచి సరిచేయనక్కర్లేదు. స్థిరమైన జెట్టీకి కట్టినప్పుడు మోకు పొడుగు వదలకపోతే, నీరు దిగాక పడవ మోకుకు వేలాడే పరిస్థితి వస్తుంది.

కట్టే పని ప్రవాహానికి ఎదురుగానే చేయాలి. పడవ నీటిని చీల్చుకుంటూ మూడు మైళ్ల వేగంతో పోతున్నా, ఎదురు ప్రవాహమూ అంతే ఉంటే జెట్టీ పక్కన అది కదలకుండా నిలబడుతుంది. చుక్కాని మీద నీరు పారుతూ ఉంటుంది కాబట్టి పడవ మాట వింటుంది. మెల్లగా పక్కకు జరిపి ఆనించవచ్చు. ప్రవాహంతోపాటు వస్తే జెట్టీ ముందు నుంచి మూడు మైళ్ల వేగంతో కొట్టుకుపోతూ ఆపాలి. చుక్కానికి నీరు తగలదు, పట్టు ఉండదు. పడవ జెట్టీకి రాసుకోకుండా కాపాడే ఫెండర్లు ముందే వేలాడదీసి, మోకులు చుట్టలు విప్పి చేతిలో సిద్ధంగా ఉంచుకోవాలి. మొదట వేయాల్సింది పడవ నడుము నుంచి వెనక్కి పోయే మోకు. అది బిగిసిందంటే పడవ ముందుకు దూకదు. ఆ తరవాత ముందూ వెనకా నిదానంగా కట్టుకోవచ్చు. కాలు అడ్డం పెట్టి పడవను ఆపబోవడం ఎముకలు విరిగే పని. కొన్ని టన్నుల బరువు ఎంత నెమ్మదిగా వచ్చినా మనిషి కాలికి ఆగదు. ప్రవాహం మరీ జోరుగా ఉన్న చోట, పోటు పాటుల మధ్య నీరు నిలబడే కాసేపటి కోసం బయటే ఆగి, అప్పుడు వచ్చి కట్టుకోవడం తెలివి.

ఊరి పేర్లు కూడా పటంలో ఒకలా, నోట్లో ఒకలా ఉంటాయి. నార్త్ కెరొలైనాలో ఒకటి, సౌత్ కెరొలైనాలో ఒకటి, ఒకే అక్షరాలతో రెండు ఊళ్లున్నాయి. మొదటిదాన్ని బోఫర్ట్ అంటారు, రెండోదాన్ని బ్యూఫర్ట్ అంటారు. రేడియోలో పలికేటప్పుడు తేడా తెలియాలి. డిస్మల్ స్వాంప్ దాటాక వచ్చే ఎలిజబెత్ సిటీలో 1983 నుంచి ఒక ఆనవాయితీ ఉండేది. ఊరి ఒడ్డున ఉచితంగా పడవ కట్టుకున్నవాళ్లకు జో క్రేమర్, ఫ్రెడ్ ఫియరింగ్ అనే ఇద్దరు పెద్దమనుషులు చిన్న విందు ఇచ్చేవారు. క్రేమర్ తన తోటలో పూసిన గులాబీలు పంచేవాడు. పెద్ద సదుపాయాలేవీ లేని ఆ ఊరిని పడవలవాళ్లు ఇవాళ్టికీ ఆ గులాబీల పేరు మీదే గుర్తు పెట్టుకుంటారు.

పెట్రోలు పడవలకు ఇంధనం నింపడంలో ఒక జాగ్రత్త తప్పనిసరి. పెట్రోలు ఆవిరి గాలికంటే బరువు. కారులోనైతే కిందికి దిగి కొట్టుకుపోతుంది. పడవలో అడుగున చేరి కూర్చుంటుంది. నింపాక లోపలి గాలిని బయటికి తోసే ఫ్యాను కనీసం నాలుగు నిమిషాలు నడిపి, వాసన చూసి, ఆ తరవాతే ఇంజను మీట నొక్కాలి. మరుగుదొడ్డి నీళ్లను శుద్ధి చేయకుండా ఒడ్డుకు మూడు నాటికల్ మైళ్ల లోపు వదలడం నేరం. ఇంట్రాకోస్టల్ మొత్తం ఆ హద్దులోనే ఉంది. పడవలోని ట్యాంకును మెరీనాలో పంపుతో తోడించుకోవాలి.

చివరిది కరెంటు. ప్రతి స్లిప్ దగ్గరా పడవకు కరెంటు ఇచ్చే చిన్న స్తంభం ఉంటుంది. ఏదో ఒక పడవలో తీగ పాడైతే ఆ కరెంటు నీళ్లలోకి కారుతుంది. ఉప్పునీరు కరెంటును సులువుగా మోస్తుంది, మనిషిని పక్కన పెట్టి పోనిస్తుంది. మంచినీరు అలా మోయదు; అందులో ఈదుతున్న మనిషి శరీరమే దానికి సులువైన దారి. చావుకు పెద్ద షాకు అక్కర్లేదు. కండరాలు బిగుసుకుపోయి చేతులు ఆడకపోతే మనిషి మునిగిపోతాడు. ఒడ్డున ఉన్నవాళ్లకు ఏం జరిగిందో కూడా తెలియదు. వారాంతాల్లో చెరువుల మీదికీ ఈ తీరానికీ వెళ్లే తెలుగు కుటుంబాలు అమెరికాలో ఇవాళ చాలా ఉన్నాయి. మెరీనా నీళ్లలో, జెట్టీల పక్కన పిల్లల్ని ఈదనివ్వకండి. నీళ్లలో ఉన్నవాళ్లు ఒళ్లు జిల్లుమంటోందని అరిస్తే వెంటనే దూకకండి. ముందు స్తంభం దగ్గర కరెంటు ఆపండి, తేలే వస్తువేదైనా విసరండి, జెట్టీకి దూరంగా ఈదమని చెప్పండి.